చేతిలో పెట్టిన ఫ్యూజులు

కాలిన రబ్బరు వాసన ముక్కుకు తగిలితే చాలు, అశోక్‌నగర్‌లో నేను ఒంటరిగా ఉన్న కిరాయి గదీ, యాదగిరి గారూ గుర్తొస్తారు. ఈ ఉదయం మా మెయిన్ బోర్డు నుంచి అదే వాసన వచ్చింది.

అరవై తొమ్మిదిలో గుంటూరు నుంచి టైపిస్టు ఉద్యోగానికి వచ్చాను. మా ప్రాంతంవాళ్లు వెళ్లిపోవాలని ఊళ్లో గొడవలు జరుగుతున్న రోజులు. నోరు విప్పితే నా యాస పట్టిస్తుందని ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఆదివారాలైతే నా గొంతు నాకే వినపడేది కాదు. గదిలో ఫ్యూజు మాటిమాటికీ పోయేది. ప్రతిసారీ ఎవరినో బతిమాలడం ఇష్టంలేక, సన్నతీగ బదులు లావుపాటి రాగితీగ చుట్టేశాను. ఎంత తెలివో! వారం తిరక్కముందే బోర్డు నల్లబడి పొగ వచ్చింది.

చిక్కడపల్లిలో కరెంటు పనిచేసే యాదగిరి గారు వచ్చి, ఆ తీగ చూసి తల పట్టుకున్నారు.

"ఏందమ్మా ఇది? ఫ్యూజు పోతె ఇల్లు బతికినట్టు. నువ్వు దాని నోరు కట్టేసినవ్." గోడ మీద అరచెయ్యి ఆనించారు. "ఎనకాల స్నానాలగది. గోడంత చెమ్మ. ఈడ బోర్డు ఎవడు పెట్టిండు?"

బోర్డును పొడిగోడకు మార్చి, వెనక గాలి ఆడేలా చెక్కలు కొట్టి, ఎర్తు తీగ కొత్తది వేస్తానన్నారు. నిచ్చెన ఎక్కేముందు మీటరు దగ్గరి పింగాణీ ఫ్యూజులు రెండూ పీకి నా దోసిట్లో పెట్టారు.

"ఇవి నీ చేతుల ఉంటె కరెంటు రాదు. నేను దిగేదాక ఎవరికీ ఇయ్యకు. నా పానం నీ కాడుంది."

"నా దగ్గరా? నేనెవరినో మీకు తెలీదు కదండీ!"

"ఇంట్ల ఉన్నది నువ్వే గద బిడ్డా."

ఆ ఊళ్లో నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయన. మూడు గంటలు కదలకుండా నిలబడ్డాను. ఇంటి ఓనరు వాటాకూ అదే బోర్డు. ఆయన వచ్చి, "రేడియోల వార్తలు అయిపోతున్నయ్, ఇటియ్యమ్మా" అన్నా పిడికిలి విప్పలేదు. యాదగిరి గారు కిందికి దిగాక నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకని ఆయన అడగలేదు. "చాయ్ పెట్టమ్మా" అన్నారంతే.

రెండేళ్ల తర్వాత నారాయణగూడలో ఒక దుకాణంలో పనిచేస్తూ ఆయన పోయారు. ఫ్యూజులు యజమాని చేతికే ఇచ్చారట. అతను వాటిని బల్లమీద పెట్టి బయటికి వెళ్లాడు. ఫ్యాను తిరగడం లేదని ఎవరో తీసి బిగించేశారు. కబురు విన్నరోజు నా చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాను. నాకు చెప్పి ఉంటే సెలవు పెట్టి వెళ్లి పట్టుకునేదాన్ని కదా!

ఈ ఉదయం వచ్చిన ఎలక్ట్రీషియన్ మెయిన్ మీట దించి, "జర కూర్చోండి మేడం, గంట పడతది" అన్నాడు.

"నువ్వు కానియ్యి నాయనా" అని మీట పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా అతను దిగేదాకా పిడికిళ్లు విప్పలేదు.