నిక్కర్ల మీద మూడు ప్రార్థనలు

ఎనభైల చివర్లో మా మిర్యాలగూడలో మగపిల్లవాడు పెద్దవాడయ్యాడని చెప్పేది మీసం కాదు, ప్యాంటు. మీసం రాకపోయినా ప్యాంటు ఉంటే కిరాణా కొట్టాయన "ఏం గావాలె అన్నా" అనేవాడు. మీసమొచ్చి నిక్కరులో ఉంటే "ఏందిరా" అనేవాడు. ఈ లోకరీతి తెలిసి కూడా పంతొమ్మిదేళ్ళ వయసులో, కాళ్ళ నిండా వెంట్రుకలతో, ప్రతి ఆదివారం ఖాకీ నిక్కరు వేసుకుని విజిల్ ఊదే బాధ్యత నేను నెత్తికెత్తుకున్నాను. మా చర్చిలో మగపిల్లలకు స్కౌట్ల పద్ధతిలో ఒక బాలుర దళం ఉండేది. తాడు ముడులు, డేరా కట్టడం, గాయానికి కట్టు కట్టడం, వాక్యాలు కంఠస్థం చేయడం. ఒక్కొక్కటి నేర్చుకుంటే భుజాన ఒక్కొక్క బ్యాడ్జి. పదేళ్ళప్పుడు చేరి, బ్యాడ్జీలన్నీ సంపాదించి, చివరికి దానికి లీడరునయ్యాను. (పోటీకి ఎవరూ రాలేదు. ఆ ముక్క అప్పట్లో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.)

దళాన్ని పెట్టింది డ్రిల్లు తాత. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, మా సంఘ పెద్దల్లో ఒకాయన. అందరి నిక్కర్లూ కుట్టేది ఆయన భార్య. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడేది కాబట్టి ఆమెను టేపమ్మ అనేవాళ్ళం. ఇక నా రహస్యం. చర్చికి వెళ్ళే దారిలోనే నేను టైపు నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్ ఉండేది, అందులో ఆడపిల్లలుండేవారు. అందుకని ఆదివారం ప్యాంటుతో బయలుదేరి, చర్చి దగ్గరి రైసు మిల్లు వెనక ఊక కుప్ప చాటున నిక్కరులోకి మారి, ప్యాంటు సంచిలో కుక్కి, అప్పుడు విజిల్ మెళ్ళో వేసుకుని ఠీవిగా లోపలికి వెళ్ళేవాణ్ణి. చర్చి పక్కనే ఉన్న ఇంట్లోంచి టేపమ్మ ఎదురొచ్చి నా వీపు మీది ఊక దులిపేది. ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు. మంచి మనిషి, పాపం, ఏమీ తెలియదు అనుకునేవాణ్ణి.

ఆ ఏడు దసరా సెలవుల్లో సూర్యాపేటలో చుట్టుపక్కల దళాలన్నిటికీ క్యాంపు పెట్టారు. కోదాడ దళం ప్యాంట్లతో దిగింది. (ఆంధ్రా పక్కనే ఉంటారు, ఏ షోకైనా ముందు వాళ్ళకే దిగుతుందని మా నమ్మకం.) మా కవాతు చూసి వాళ్ళు గడ్డి మీద దొర్లి దొర్లి నవ్వారు. తిరుగు బస్సులో మా పొడుగోడు నా పక్కకొచ్చి కూర్చున్నాడు. పదహారేళ్ళకే ఆరడుగులు పెరిగిన పిల్లవాడు వాడు.

"అన్నా, ఇగ నిక్కర్లయితే మేం రాం. ఆరుగురం అనుకున్నం."

"గట్లంటె ఎట్లరా? మీరు పోతే దళం ఖతమైతది."

"నీకేమన్నా, నువ్వు సిగ్గిడిసినోనివి. మేం గాదు గద."

వాళ్ళు ఆరుగురూ పోతే మిగిలేది చెప్పుల పట్టీ కూడా పెట్టుకోవడం రాని అయిదుగురు పిల్లలు. తొమ్మిదేళ్ళుగా నేను పెరిగిన దళం నా చేతుల్లోనే మూతపడుతుందని తలుచుకుంటే నిజంగా ఏడుపొచ్చింది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు ఈ సంగతి మాట్లాడదామని అందరినీ కూర్చోబెట్టారు. డ్రిల్లు తాత లేచి, "మందిరంల వాదన వద్దు. ప్రార్థన చేద్దాం" అన్నాడు. అదెంత గడుసు మాటో మా సంఘంలో అందరికీ తెలుసు. మనిషి మొహాన అనలేనిదంతా మా వాళ్ళు అతను వింటుండగా దేవుడికి చెప్పుకుంటారు. ఒకరు కళ్ళు మూసుకుని మొదలుపెడితే ఆమేన్ అనేదాకా అడ్డుతగలకూడదు.

ముందు తాతే అందుకున్నాడు. "ప్రేమగల పరలోకపు తండ్రీ, రాజు బరువు కవచమిస్తే దావీదు ఇడిసిపెట్టి, అల్కగ గొల్యాతు రాక్షసుని మీదికి ఉరికిండు. కాళ్ళకు గుడ్డ అడ్డం పడితే ఉరుకునా తండ్రీ? ఈ పిలగాండ్లకు షోకెక్కువైంది. నిక్కరు పోతే డ్రిల్లు పోతది, డ్రిల్లు పోతే భయం పోతది." పెద్దలంతా స్తోత్రం, స్తోత్రం అన్నారు.

నేనేం తక్కువ తిన్నానా. "ఆదాము హవ్వలు ఆకులు సుట్టుకుంటె సాలదని చర్మంతోని చొక్కాలు చేపిచ్చి తొడిగిన దేవా" అని ఎత్తుకున్నాను. ఆరు గొంతులు ఒక్కసారి స్తోత్రమనేసరికి పైకప్పు రేకులు అదిరాయి. నాకు ఊపొచ్చింది. "మా పిలగాండ్ల కాళ్ళు గూడ కప్పు తండ్రీ. నా కోసం అడుగుతలేను. నాకు నిక్కరంటె సిగ్గులేదు, నీవెరుగుదువు. ఆమేన్."

అయిపోయిందనుకుంటుండగా వెనక చాప మీది నుంచి టేపమ్మ గొంతు వినిపించింది.

"తండ్రీ, ఈ పిలగాడు సిగ్గులేదంటుండు. నీకెరుకే గద. ఎన్ని ఆదివారాల సందో మిల్లెనుక ఊక కుప్ప కాడ ప్యాంటిప్పుతుండు. నా మిషినుకు ఎదురుంగనే కిటికీ. దూరపు సూపు మంచిగనే ఉంచినవ్ నాకు, దగ్గరి సూపే తీసుకపోతున్నవ్."

ప్రార్థనలో నవ్వకూడదు. అందుకని ఎవరూ నవ్వలేదు, బెంచీలు మాత్రం ఊగాయి. నా జన్మలో ఒక ప్రార్థన సాంతం కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నది ఆ ఒక్కనాడే. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"మా ముసలాయన పంతం డ్రిల్లు కోసం గాదు తండ్రీ. ప్యాంట్లంటె పిలగాండ్లు బజార్ల టైలరు కాడికి పోతరు, నా మిషిను మూలకు పడ్తది, నేను మనసు చిన్న జేసుకుంట అని ఆయన రంది. సూదిల దారం ఎక్కిచ్చెటోళ్ళుంటె ప్యాంట్లు గూడ నేనే కుడత. ఆమేన్."

కళ్ళు తెరిచి చూస్తే తాత ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. రుమాలుతో ముక్కు తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"శనివారం శనివారం ఒకడు పోయి దారం ఎక్కియ్యాలె. పోనోనికి నిక్కరే."

తీర్మానం అంతే. ఆరుగురూ నిలబడ్డారు, వంతులు వేసుకుని వెళ్ళి దారం ఎక్కించారు. సూదికి దారం ఎక్కించేవాడికి కూడా ఒక బ్యాడ్జి ఇవ్వాలని పొడుగోడు పట్టుబట్టాడు. మొదటి ప్యాంటు నాదే. కింద నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టింది టేపమ్మ. నేనింక పెరగను అమ్మమ్మా అన్నాను. "ఎందుకు పెరగవు బిడ్డా, పెరుగుతవ్" అంది. నేను పెరగలేదు, ఆ మడత విప్పే అవసరమూ రాలేదు. నవ్వులాటకు అందో, నిజంగానే అందో, ఆమె పోయిన ఇన్నేళ్ళకు కూడా తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు నాకు షుగరు. డాక్టరు రోజూ నడవమన్నాడని మా అబ్బాయి నడక కోసం ఒక నిక్కరు కొనిచ్చాడు. పొద్దున్నే ఆ దారినే నడుస్తాను. మిల్లు పోయి ఫంక్షన్ హాలు వచ్చింది. నా మోకాళ్ళ వంక చూసే దిక్కు లేదు. ఇలా చూడని లోకం కోసమా నేను ఊకలో దాక్కున్నదని నవ్వొస్తుంది. టేపమ్మ కిటికీ మాత్రం ఇంకా ఉంది. దాని ముందుకు రాగానే కొంచెం వేగంగా నడుస్తాను.