క్రేన్ కాక, గోడ ఆట

లీవు నుంచి తిరిగొచ్చిన మా రూమాయన పోయిన శుక్రవారం బ్యాగు కింద పెట్టకముందే చెప్పాడు, "క్రేన్ కాక పోయిండు" అని. కడుపులో గడ్డ లేచిందట, కరీంనగర్ తీసుకుపోయారట, పది రోజులు కూడా లేడట. అంతకు మించి అతనికీ తెలియదు. అజ్మాన్‌లో మా క్యాంపు చిన్నది. టీ తాగేలోపు అందరికీ తెలిసిపోయింది. ఆయన గురించి నాలుగు ముక్కలు ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి. ఆయన్ని క్రేన్ మీది నుంచి దింపింది నేనే కనుక.

కాక అంటే మా దిక్కు చిన్నాయన. ఆయన నాకు చుట్టం కాదు. సైట్‌లో టవర్ క్రేన్ నడిపేవాడు, అందరికన్నా పెద్దవాడు, కాబట్టి క్యాంపు మొత్తానికీ క్రేన్ కాక. నేను కాంక్రీటు పోసే గ్యాంగులో పనివాణ్ణి. ఆయన పైనుంచి పంపే బకెట్ కింద నిలబడి, దాని మూతి తెరిచి, పోయించుకోవడం నా పని.

చలికాలం వస్తే ఆయన వీడియో గేములు ఆడేవాడు. యాభై దాటిన మనిషి, అజ్మాన్ లేబర్ క్యాంపులో, వీడియో గేములు. మీకు నవ్వు రావచ్చు. నాకైతే ఒళ్ళు మండేది.

చలికాలమే ఎందుకంటే ఎండాకాలం మా జనరేటర్ ఏసీలకే చాలదు. టీవీ పెడితే ఏదో ఒక రూము ఏసీ ఆగిపోయి కొట్లాట అయ్యేది. నవంబరులో ఏసీలు బందయ్యాక కరెంటు మిగిలేది. అప్పుడు కాక తన మంచం కింది నుంచి ఆటల నల్ల పెట్టె తీసి టీవీకి తగిలించేవాడు. కొలువు వదిలి వెళ్ళిపోతూ ఒక లెబనాన్ ఇంజనీరు ఇచ్చిపోయిన పెట్టె అది. దాంతోపాటు నాలుగు ఆటల డబ్బీలు. వాటి మీది ఇంగ్లీషు పేర్లు మాకు పట్టలేదు. కనపడినదాన్ని బట్టి పడవ ఆట, ట్యాంకుల ఆట, పురుగుల ఆట, గోడ ఆట అని మేమే పేర్లు పెట్టుకున్నాం.

పడవ ఆట నవంబరులో, చలి మొదట్లో. రాళ్ళకు తగలకుండా పడవను వాగులో నడపాలి. "గా నీళ్ళు జూస్తే పాణం నిమ్మలమైతది" అనేవాడు. ట్యాంకుల ఆట ఇద్దరిది, శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక. అందులో ఎప్పుడూ ఓడిపోయేవాడు, ఓడినప్పుడల్లా "ఎన్కనుంచి కొట్టుడు గూడ ఒక ఆటేనారా" అని దబాయించేవాడు. పురుగుల ఆట జోలికే పోయేవాడు కాదు. మెస్సులో పప్పులో వచ్చే పురుగులు చాలవా అనేవాడు.

గోడ ఆట మాత్రం రోజూ ఉండేది. తెర మీద పైన ఇటుకల గోడ. కింద ఒక పలక. చేతిలోని గుండ్రటి బిళ్ళను తిప్పితే పలక అటూ ఇటూ జరుగుతుంది. బంతిని పలకతో కొట్టి గోడ కూలగొట్టాలి.

"పొద్దంత గోడలు కట్టి, మాపటికి కూలగొట్టుడేంది కాకా?" అని ఎవరో అడిగితే, "కట్టింది కఫీల్‌ది. కూలగొట్టేది మనది" అన్నాడు, మాకు వీసాలిచ్చిన యజమానిని ఉద్దేశించి. ఆ మాట నా కరపత్రాల్లో ఉండాల్సిన మాట. కానీ ఒప్పుకోవడానికి నాకు అప్పుడు మనసు రాలేదు.

కరపత్రాలంటే, ఊరి నుంచి వస్తూ పెట్టె అడుగున బట్టల కింద కూలి సంఘం వాళ్ళవి ఒక కట్ట తెచ్చుకున్నాను. బడిలో చదివింది తక్కువ, వాటిలో చదివిందే ఎక్కువ. గురువారం సాయంత్రాలు వాటిని అందరికీ చదివి వినిపించాలని నా పట్టుదల. టీవీ ఆగితే కదా.

"కాకా, జర బందు పెట్టు. ఇయ్యాల ఎనిమిది గంటల పని గురించి చదువుత."

"చదువు బిడ్డా. గీ ఒక్క బంతి పడనీ."

ఆ బంతి అరగంటైనా పడేది కాదు. రూమంతా నవ్వేది. నేను టీవీకి అడ్డంగా నిలబడితే, "జరుగు నాయకా, గోడ కనవడ్తలేదు" అని ఇంకొకడు. ఈ డబ్బా కూలివాణ్ణి నిద్రపుచ్చడానికి పెట్టుబడిదారుడు చేసిన మత్తు మందు అని నేను అరిచేవాణ్ణి. చివరికి కాక టీవీ ఆపి, మఠం వేసుకుని కూర్చుని వినేవాడు. నిజంగా వినేది ఆయనొక్కడే. ఒకసారి అంతా విని, "గా ఎనిమిది గంటలల్ల మనం గాడీల పొయ్యొచ్చే రెండు గంటలు కలుస్తయా, కలువయా?" అని అడిగాడు. కరపత్రంలో దానికి జవాబు లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఆ గోడ ఆట వెనక ఆయనకు ఒక లెక్క ఉండేదని రెండో చలికాలంలో తెలిసింది. రోజూ సాయంత్రం మూడు బంతులు. సగం గోడైనా కూలితే మర్నాడు క్రేన్ ఎక్కుతాడు. కూలకపోతే ఎక్కడు, కడుపు నొస్తోందని ముదీర్‌కు, అంటే సైట్ మేనేజరుకు, చెబుతాడు. జ్వరం తగ్గాక ఒకసారి అలాగే రెండు రోజులు ఆగిపోయాడు. "కంపెనీ డాక్టర్ నాలుక జూసి పంపుతడు. గీ డబ్బా చెయ్యి జూస్తది. అబద్ధం చెప్పది" అనేవాడు. తనకంటూ ఒక బిళ్ళ పెట్టుకుని, దానికి ఎర్ర టేపు చుట్టి, తన మంచం పక్క కిటికీలో ఉంచుకునేవాడు. పెద్దాయనదని దాన్ని ఎవరూ ముట్టేవారు కాదు.

మూడో చలికాలం, జనవరిలో ఒక గురువారం, ఎప్పటిలాగే నేను కాగితాలు పట్టుకుని టీవీ పక్కన నిలబడ్డాను. కాక ఆడుతున్నాడు. తెర మీద పలక సన్నగా వణుకుతోంది. ఒక బంతి పోయింది. రెండోది, మూడోదీ పోయాయి. గోడ అలాగే ఉంది.

నేను ఊరుకోలేదు. "కాకా, నీ చెయ్యి వణుకుతుంది. ఎల్లుండి మా నెత్తి మీద బకెట్ గూడ గిట్లనే వణుకుతదా?"

అక్కడితో ఆగినా బాగుండేది. కూలివాడి ప్రాణం కూలివాడికే లెక్క లేకపోతే యజమానిని ఏమని అడగాలి అని, ఇరవైమంది ముందు, కరపత్రం భాషలో పావుగంట మాట్లాడాను. కాక ఒకసారి తెర చూశాడు, ఒకసారి చెయ్యి చూసుకున్నాడు. ఇంకో మూడు బంతులు ఆడాడు. పలక వణుకుతూనే ఉంది.

"పోరడు చెప్పింది నిజమే" అన్నాడు. "ఖలాస్."

శనివారం పొద్దున్నే ముదీర్ దగ్గరికి వెళ్ళి, ఇక క్రేన్ ఎక్కనన్నాడు. రాస్ అల్ ఖైమా సైట్ నుంచి కొత్త ఆపరేటర్ వచ్చాడు. కాక రెండు నెలలు మాతోపాటు క్రేన్ కింద పని చేశాడు. క్రేన్ ఎక్కని ఆపరేటర్‌కు కంపెనీ వీసా పొడిగించలేదు. మార్చిలో ఊరికి వెళ్ళిపోయాడు. ఆటల పెట్టెను క్యాంపుకే వదిలేశాడు. అప్పట్లో నాకు గర్వంగానే ఉండింది, దాచను. ఒక ప్రమాదాన్ని ఆపానని అనుకున్నాను.

మళ్ళీ నవంబరు వచ్చింది. టీవీ పెట్టారు. నేనెప్పుడూ ముట్టని ఆ ఎర్ర టేపు బిళ్ళ పట్టుకుని ఊరికే తిప్పాను. తెర మీద పలక వణికింది. బిళ్ళను మంచం మీద పెట్టి చేతులు తీసేశాను. అయినా వణికింది.

క్యాంపులో గోదావరి జిల్లా ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. తీసుకెళ్ళి చూపించాను. స్క్రూ విప్పి బోర్లిస్తే కాగితం మీద చిటికెడు సన్నని ఇసుక పడింది.

"కిటికీ దగ్గర పెట్టేవోరా దీన్ని? గాలికి దుమ్ము దూరిపోయిందండి. ఇది ఎవరి చేతిలో ఉన్నా వణుకుద్ది" అన్నాడు.

"గీ ముచ్చట అప్పుడే ఎందుకు చెప్పలే?" అని ఆయన మీద పడ్డాను.

"నన్నెవరడిగారండి?" అన్నాడు ఆయన, దూదితో లోపల తుడుస్తూ. తుడిచాక పలక నిలకడగా నిలబడింది.

కాకకు ఉత్తరం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. జవాబు ఉత్తరంగా రాలేదు. ఊరి నుంచి వచ్చిన ఒకతని చేత మాటలు రికార్డు చేసిన క్యాసెట్ పంపాడు. ఒక్కణ్ణే కూర్చుని విన్నాను.

"ఇసుక ముచ్చట ఇన్నరా. నవ్వచ్చింది. చెయ్యి నాకు మంచిగనే అనిపించిందిరా అప్పుడు గూడ. గని నాకు అనిపించుడు లెక్క గాదు గద, కింద మీరున్నరు. నువ్వు అడుగుడు తప్పు గాదు. కింద నిలవడ్డోడు అడగాలె, ఇంక ముందు గూడ అడుగు. నలుగుట్ల గాకుండ జర పక్కకు పిలిచి అడుగుతే అయిపోతుండె. గదొక్కటే."

ఆ తర్వాత వానల గురించి, కొన్న బర్రె గురించి చెప్పాడు. క్షమించమని మళ్ళీ రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఇంతలో ఈ కబురు వచ్చింది.

క్రేన్ దిగాక ఆ రెండు నెలలు ఆయన చేసిన పని, మా పక్కనే నిలబడి పైనున్న కొత్త ఆపరేటర్‌కు సైగలు చేయడం. ఎనిమిదో అంతస్తు, ఫిబ్రవరి, సముద్రం వైపు నుంచి ఈడ్చి కొట్టే గాలి. బకెట్ మా తలల మీదికి రాగానే కాక చెయ్యి పైకెత్తి అరచేయి చాపేవాడు, ఆగు అని. ఊగుతున్న బకెట్ నిలిచేదాకా ఆ చెయ్యి దించేవాడు కాదు. మెడకు చుట్టుకున్న తువాలు గాలికి కొట్టుకునేది, చొక్కా చెయ్యి పటపటలాడేది. అందులోంచి లేచిన ఆ అరచేయి మాత్రం గోడకు కొట్టిన మేకులా కదలకుండా ఉండేది. దానికి మూడడుగుల దూరంలో నేను రెండు నెలలు నిలబడ్డాను. తల ఎత్తి బకెట్‌నే చూశాను.