కాకి ముందు ఇచ్చిన మాట

మా తాడేపల్లిగూడెంలో ఆకురాలు కాలం అంటే బాదం చెట్టే. కొబ్బరికి ఋతువు లేదు, వేపకు వేరే నెల. కార్తికం దాటాక మా పెరటి బాదం చెట్టు మాత్రం ఒక్కో ఆకునూ విడివిడిగా ఎర్రబరుస్తుంది. ఒక ఆకుకు ఎరుపు అంచున మొదలై రోజుకింత చొప్పున నడిమి ఈనె దాకా వస్తుంది. ఇంకొకటి తెల్లారేసరికి మొత్తం మారిపోయి ఉంటుంది. రెండేళ్లపాటు ఆ ఆకులను ఫోనులో ఫొటోలు తీశాను. అంతకుముందు నాకు ఆ సరదా లేదు. నా భార్య పక్షవాతంతో మంచం పట్టాక మొదలైంది.

ఆమె మంచం పక్క కిటికీ తెరిస్తే పక్కింటివారి గోడ కనిపిస్తుంది. అందుకని పొద్దున్నే పూజ ముగించుకుని బయటికి వెళ్లి, ఇంటి చుట్టుపక్కల ఏది దొరికితే అది ఫొటో తీసి తెచ్చి చూపించేవాణ్ణి. కాలువ మీది కరెంటు తీగ మీద లకుముకిపిట్ట. గుంజ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీరుకాకి. గోడ కింది బొరియలోంచి తల పైకెత్తిన ముంగిస. ఆ ముంగిస ఫొటోకు పదకొండు రోజులు పట్టింది. ఆమె చూసి, “బాగుందండి. వీధికుక్కను కూడా తీయండి, అదేం పాపం చేసింది?” అంది. నోరు కాస్త పక్కకు పోవడంతో మాట నెమ్మదిగా వచ్చేది. హాస్యం మాత్రం ఎప్పటిలాగే ఉండేది.

ఒక మార్గశిరంలో మా పారాయణ సభవాళ్లం కొల్లేటి పక్క ఊళ్లో భజనకు వెళ్లాం. తిరిగి వస్తూ కొల్లేట్లో ముక్కు కింద సంచులు వేలాడే గూడబాతులను ఫొటో తీసి తెచ్చాను. ఆ ఫొటోలను ఆమె చాలాసేపు చూసింది. కారులో అయితే ఎంతసేపు పడుతుందని అడిగింది. గంటన్నర పైనే అన్నాను. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. నేనూ ఆలోచించలేదు.

తర్వాతి మాఘంలో, బాదం ఆకులు దాదాపు రాలిపోయాక, ఆమె పోయింది.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు నేనే ధైర్యం చెప్పాను. ఆత్మకు చావు లేదని ఇరవై ఏళ్లుగా సభలో వివరిస్తున్నవాణ్ణి, నాకు మాటలు తడుముకోవలసిన పని లేదు. నాలుగో రోజు పొద్దున అలవాటు చొప్పున పెరట్లోకి వెళ్లి చెట్టున మిగిలిన ఒక ఆకును ఫొటో తీశాను. గదిలోకి వచ్చేదాకా ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. మంచం తీసేశారు. చాప మీద ఎవరో పడుకుని ఉన్నారు.

పదో రోజు కాలువ గట్టున పిండం పెట్టాం. తీగల మీద కాకులు వరసగా ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. అరగంట గడిచింది. మా వైపు అటువంటప్పుడు పోయినవారికి తీరని కోరిక ఏదో ఉందంటారు. దగ్గరివాళ్లు ఒక్కొక్కరే ఆ కోరిక ఏదై ఉంటుందో ఊహించి, తీరుస్తామని కాకి వినేలా మాట ఇస్తారు. ఇది నేను ఎంతోమందికి చెప్పిన సంగతే. ఆమె తమ్ముడు ఏటా అక్క పేర అన్నదానం చేస్తానన్నాడు. నేను దీపం మానననీ, ఆమె పూజించిన తులసికి లోటు రానివ్వననీ చెప్పాను. కాకులు కదల్లేదు.

అప్పుడు మా వదినగారు, అంటే నా భార్యకు అక్కగారు, ముదినేపల్లి నుంచి వచ్చిన మనిషి, వెనకనుంచి మెల్లగా అన్నది:

“కొల్లేరు తీసుకెళ్తానని చెప్పండి, మరిదిగారూ.”

నేను వెనక్కి తిరిగాను.

“నాతో ఫోనులో అందండీ. కార్లో పడుకోబెట్టయినా ఒక్కసారి తీసుకెళ్తే బాగుణ్ణు, ఆ పక్షుల్ని చూద్దును అని. మీరు ఫొటోలు తెచ్చి అంత సంబరంగా చూపిస్తుంటే ఎలా అడగనూ అంది.”

అక్కడున్న వాళ్లందరూ నన్నే చూస్తున్నారు. నేను తీగల వైపు చూసి, “కొల్లేరు తీసుకెళ్తాను. నీకు పక్షుల్ని చూపిస్తాను,” అన్నాను.

ఒక కాకి దిగింది. గట్టు మీద రెండు గెంతులు గెంతి, పిండానికి జానెడు దూరంలో ఆగి, మెడ పక్కకు వంచింది. ఎండ దాని మెడ మీద నీలంగా మెరిసింది. నా చొక్కా అంతకుముందే మడిచి మెట్టు మీద పెట్టాను, దాని మీద ఫోను ఉంది. నేను వంగి ఫోను అందుకున్నాను. ఇది చూపించాలి అన్న ఆలోచన ఒక్కటే నాకు గుర్తుంది. ఎవరికి చూపించాలో ఆ క్షణంలో నాకు సందేహమే లేదు.

కాకి ఎగిరిపోయింది. దాని వెనకే తీగల మీదివన్నీ లేచిపోయాయి.

“అది దిగిందండీ,” అంది వదినగారు, గొంతు పెంచకుండానే. “మీరే లేపేశారు.”

పంతులుగారు దర్భలను కాకిలా ముడిచి, దాని ముక్కును పిండానికి ఆనించారు. అది చెల్లుతుంది. ఆ మాటా నేను పదిమందికి ధైర్యంగా చెప్పినదే. అందరూ స్నానాలకు దిగారు. నేను కూడా దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో గుర్తులేదు.

నెల తిరిగాక మళ్లీ సభకు వెళ్లాను. నా వంతు చదివాను, అర్థం చెప్పాను. ఒక్క చోటా తడబడలేదు. పారాయణం అయ్యాక మా సభలో పెద్దాయనను ఒక్కరినీ పక్కకు పిలిచి, కాకి ముట్టనప్పుడు కాకి ముందు ఇచ్చిన మాట కట్టుబడుతుందా అని అడిగాను.

“కాకి సంగతి కాకిది. మీరు మాట అన్నారా లేదా?”

“అన్నానండి. కానీ పోయిన మనిషిని ఎలా తీసుకెళ్లను?”

“పదకొండో రోజు ఆవిడ స్థానంలో ముత్తైదువను కూర్చోబెట్టి చీర పెట్టారు కదండీ. ఆ చీర ఆవిడకు చేరిందని నమ్మారా? నమ్మితే ఆ ముత్తైదువ చూసిందీ చేరుతుంది.”

ఆ ముత్తైదువ మా వదినగారే. ఫోను చేసి చెప్పాను. ఏ రోజు అని మాత్రం అడిగింది.

ఫాల్గుణంలో కారు మాట్లాడుకుని ముదినేపల్లి వెళ్లాను. ఆమె పదకొండో రోజు పెట్టిన చీరే కట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉంది. పెళ్లయినప్పటి నుంచి కొల్లేటికి అంత దగ్గరలో ఉంటూ పక్షుల కోసం ఎప్పుడూ రాలేదట. దారి పొడవునా చేపల చెరువులే.

గట్టు మీదినుంచి చూస్తే నీళ్లలో పాతిన ఇనుప మంచెల నిండా గూడబాతులు. పిల్లలు తల్లుల గొంతు సంచుల్లోకి తలలు దూర్చి మేత లాక్కుంటున్నాయి. రెట్టల కంపు గాలికి వచ్చి కొడుతోంది. వదినగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూసింది.

“మీ చెల్లెలైతే ఏమనేదండీ?” అని అడిగాను.

ఆమె ఆలోచించింది. “కంపు కొడుతోంది, ఇంటికి పదండి అనేదండీ. రెండు నిమిషాలు ఉండేది కాదు.” నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. లోపల భగవన్నామం నడుస్తూనే ఉంది. స్వామీ, ఇది ఆమెకు చేర్చు అని అడిగాను. చేరుస్తాడు. అందులో నాకు అనుమానం లేదు.

“ఇక వెళ్దామాండీ?” అంది వదినగారు.

“ఇంకాసేపు చూడండి, వదినగారూ.”

ఆమె నా ముఖం చూసి, కొంగు దించి, మళ్లీ నీళ్ల వైపు తిరిగింది. నేను పక్షులను చూడలేదు. ఆమె చూస్తున్నదా లేదా అని ఆమెనే చూస్తూ నిలబడ్డాను.