బండి లేని తాళంచెవి

ఈ ఆయుధపూజకు పుంగనూరు వెళ్తే, మా మామ ఇంటి గూట్లో ఒక తాళంచెవి పసుపు పూసుకుని, కుంకుమ బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. దాని స్కూటరు ఇప్పుడు లేదు. లేకపోవడానికి కారణం నేనే కాబట్టి, బొరుగులు నములుతూ గోడకేసి చూశాను. గోడ బాగుంది.

నేను కుప్పంలో చదువుకునే రోజుల్లో, అనాథ పిల్లల ఆశ్రమం కోసమని మా కాలేజీలో ఒక పందెం పెట్టారు. మూలనపడ్డ బండ్లను జనం దగ్గర విరాళంగా అడిగి తేవాలి, వాటిని పాత ఇనుము కింద అమ్మి ఆశ్రమానికి ఇవ్వాలి, ఎక్కువ తెచ్చిన జట్టుకు కప్పు. నోరున్నవాణ్ణని మా జట్టుకు నన్ను నాయకుణ్ణి చేశారు. మదనపల్లెలో మా ఇంట్లో అడిగితే, మా నాన్న తన మోటారుసైకిల్ తాళం జేబులోంచి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. అందుకని మామకు ఫోన్ చేశాను. ఆయన మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి స్కూటరు వసారాలో కోళ్ళకు పెద్దదిక్కుగా ఉండేది. "ఆశ్రమానికి మామా, మంచి పని" అన్నాను. ఇనుము మాట ఎత్తలేదు. దాచాలని కాదు, జోకులకే టైము సరిపోయింది.

వెళ్ళేసరికి బండి పెళ్ళికొడుకులా ఉంది. కొత్త సీటు కవరు, కొత్త టైర్లు, ట్యాంకు నిండా పెట్రోలు. ఇదేంది మామా అంటే, "దానమిచ్చేది బాగు చేసి ఇయ్యాల గదప్పా. చెడిపోయిందాన్ని యాల ఇచ్చేది?" అన్నాడు. అత్త చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. "ఆశ్రమంలో తోలే ఆయప్పకు సెప్పు, క్లచ్చి మెల్లగా వదలమని" అన్నాడు మామ. నిజం చెప్పడానికి అదే సమయం. "సెప్తాను మామా" అని నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాను. పలమనేరు, వి.కోట దాటి కుప్పం దాకా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఎక్కడైనా ఆగిపోయుంటే నా మనసు కాస్త కుదుటపడేది.

చివరిరోజు కాలేజీ మైదానంలో పాత ఇనుము వ్యాపారి మనుషులు బండ్లు ఊడదీస్తుంటే, నేను మైకు పట్టుకుని ఒక్కో బండికీ సంతాపం ప్రకటిస్తున్నాను. జనం పడీపడీ నవ్వుతున్నారు. అప్పుడు గేటు దగ్గర మామ కనిపించాడు. రెండో తాళంచెవి ఇవ్వడం మరిచిపోయాడట, బస్సెక్కి కుంటుకుంటూ వచ్చాడు. అప్పటికే ఆయన స్కూటరు ముక్కలైపోయింది. నేను మైకును వీపు వెనక దాచుకున్నాను. మామ ముక్కల దగ్గరికి వెళ్ళి, ఊడదీసే మనిషితో నెమ్మదిగా అన్నాడు: "ఆ సీటు కవరు తీసి పెట్టుకోప్పా. అది ఇనుము కాదు గదా, తూకానికి రాదు."

ఆ రోజు మైదానంలో అందరికన్నా మంచి జోకు అదే. నేను మాత్రం నవ్వలేదు. మామ తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకుని, నా దగ్గరికొచ్చి, "ఎండలో నిలబడుకోనుండావే, బువ్వ తిన్నావా అల్లుడా?" అన్నాడు. తిట్టుంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర సమాధానాలుంటాయి.

కప్పు మా జట్టుకే వచ్చింది. ఇప్పుడెక్కడుందో తెలియదు. తాళంచెవి సంగతి మామ ఎత్తడు, అత్తతో మాత్రం "వానికి ఇంకా రోన్ని బొరుగులెయ్యి" అంటాడు. ఏళ్ళు గడిస్తే ఆ తాళంచెవీ తుప్పు పడుతుందిలే అనుకున్నాను. మామ దాన్ని ఏటా చింతపండు పెట్టి తోముతున్నాడు.