కొట్టి వినని చెక్క

వడ్రంగం చేసే మా ఊరి వడ్లాయన ఏ కర్రనైనా ముందు వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "జర ఆగుండ్రి, కర్ర ఏమంటదో ఇననియ్యిండ్రి" అనేవాడు. కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో ఆ చెవికి తిరుగులేదు.

గాలివానకు మా వాకిట్లో వేపచెట్టు కూలినప్పుడు అవ్వ మొద్దంతా ఆయనకే అప్పగించి, వంటింట్లోకి అల్మారి చేయమంది. బర్రెను కట్టేందుకు తాత ఎన్నడో దిగ్గొట్టిన ఇనుప మేకు ఆ మొద్దులోనే ఉండిపోయి, దాని తుప్పుకు చుట్టూ కర్ర నల్లబడింది.

"వేపకు పురుగు రాదవ్వా. నీ మనుమల దాంక ఉంటది, నాది జిమ్మ" అన్నాడు.

ఎర్రజాజు పూసిన అల్మారిని తెచ్చి నిలబెట్టిన రోజు మాత్రం ఆయన దాన్ని కొట్టి వినలేదు. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. అంత నమ్మిన మనిషిని ఎవరు గమనిస్తారు?

మరుసటి వానాకాలంలో పిండి డబ్బాల మూతల మీద మెత్తని పొడి రాలసాగింది. నాయిన నొక్కి చూస్తే చెక్క గుల్లయి లోపలికి పోయింది. అది పుచ్చిన మామిడి.

దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి రావడానికి పటేలు ఇంటికి వెళ్లిన అవ్వ, అక్కడి కొత్త తలుపు మీద మా మేకు వదిలిన నల్లమచ్చ చూసింది. జమ్మి ఇచ్చి ఇంటికొచ్చింది. కాసేపటికి ఏటేటా వచ్చినట్లే వడ్లాయనా జమ్మి పట్టుకుని వచ్చాడు.

అవ్వ ఆయన్ని అల్మారి ముందుకు తీసుకెళ్లింది.

"జర కొట్టి ఇను బిడ్డా, ఏమంటదో."

ఆయన చెయ్యి లేపాడు. వేలు చెక్కకు తగలకముందే ఆగిపోయింది.

"ఈ నడుమ నాకు సరిగ ఇనవడతలేదవ్వా" అన్నాడు, గోడ దిక్కు చూస్తూ.