ఇంగ్లండులో పుట్టిన మన పిల్ల

మా సారు ఇంగ్లీషువాడు కాడన్న సంగతి నాకు చెప్పింది సారే.

బహ్రెయిన్‌లో, మనామాలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పే సెంటరు ఒకటుంది. ఎనిమిదేళ్లుగా దాని వ్యాను నడుపుతున్నాను. సారు చేరిన మొదటి వారం, ఆయన బండిలో ఉండగా మేనేజరుకు ఫోన్ చేసి, "ఇంగ్లీష్ సారును తీస్కొస్తున్న" అన్నాను. ఆయనకు అందులో ఒక్క ముక్క అర్థమైంది. బండి దిగి, దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో బొమ్మ గీశాడు. కింద పెద్ద ముక్క ఇంగ్లండు, దాని పక్కన వేల్సు, పైన స్కాట్లండు. పై ముక్కను వేలితో పొడిచి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇంగ్లీష్ నో. స్కాటిష్. బ్రిటిష్ ఓకే."

నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. మిగతా చదువంతా కూలీల క్యాంపులో పాత పేపర్లు, ఎవరో పారేసిన డిక్షనరీ చెప్పిందే. ఆ సాయంత్రం నయీమ్ పేటలో నా గదికి వెళ్లి డిక్షనరీ తిరగేశాను. సారు చెప్పింది నిజం. బ్రిటిష్ అనేది ఆ ముక్కలన్నిటికీ కలిపి పాస్‌పోర్టు మీద రాసే మాట. ఇంగ్లీషువాళ్లు అందులో ఒక ముక్కవాళ్లు. ఇన్నేళ్లూ ఒక్కడూ చెప్పలేదే అని కోపం వచ్చింది. మా ఊళ్లో తెల్లగా ఉన్నవాడల్లా ఇంగ్లీషోడే. దొర అనిపించుకోవడానికైతే తెల్లగా ఉండాల్సిన పని కూడా లేదు, గడీలో ఉంటే చాలు. ఇక్కడ అరబ్బులు ఇంగ్లీజీ అంటారు, మా హైదరాబాదు భాయిలు అంగ్రేజ్ అంటారు. నేను కూలిపని చేసే రోజుల్లో పైపులు వేయించడానికి వచ్చిన జర్మనీ ఇంజనీరును కూడా అంగ్రేజ్ అనే పిలిచాం. పాపం, పలికేవాడు.

అప్పటినుంచి ఎవరన్నా సారును ఇంగ్లీషోడంటే నేనే దిద్దేవాణ్ణి. సారు సంతోషించి నా వీపు తట్టేవాడు.

పోయిన ఏడు కొత్త టీచరమ్మ వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. మొదటి రోజు వెనక సీట్లోంచి, "తాతా, ఏసీ జర తగ్గియ్యవా?" అంది. ఎవరు మాట్లాడారా అని అద్దంలో చూశాను.

"ఏ ఊరు బిడ్డా?"

"లీడ్స్."

"అది గాదు. అసలు ఊరు."

"అసలుదే చెప్పిన తాతా. ఇంగ్లండ్ల."

"మరి ఈ మాట యాడ నేర్చినవ్?"

"మా నాయనమ్మ దగ్గర. ఆమెది ఆర్మూర్ దిక్కు."

"గట్ల చెప్పు," అన్నాను. ఆర్మూరు నుంచి మా ఊరికి ఎంత దూరమో సెంటరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

లీడ్స్‌లో ఉద్యోగం మానుకుని వచ్చిందట. మూడు నెలలు చూస్తామని, సాయంత్రం పెద్ద పిల్లల క్లాసు నిలబెడితే పర్మనెంటు చేస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. క్లాసు బాగానే నడిచింది. పిల్లలు నవ్వడం, పోటీలు పడి జవాబులు చెప్పడం బయట నాకు వినపడేది.

రెండో నెలలో ఒక సేటు కొడుకును దింపడానికి వచ్చాడు. బంగారం దుకాణం ఆయనది, మన తెలంగాణ మనిషే.

"కొత్త టీచరు ఎవలు తాతా?" అని గేటు దగ్గర నన్నే అడిగాడు.

నాకు ఎక్కడలేని గర్వం. "మన పిల్లనే సేటూ. వాళ్ల నాయనమ్మది ఆర్మూర్ దిక్కు. తెలుగు మనకంటె మంచిగ మాట్లాడ్తది."

సేటు ఇంకేమీ అడగలేదు. తిన్నగా మేనేజరు గదికి పోయాడు. తలుపు తీసే ఉంది.

"మన పోరి దగ్గర చదివించేటందుకు ఇంత దూరం వస్తనా నేను?"

"ఆమెది బ్రిటిష్ పాస్‌పోర్టు సేట్ సాబ్," అన్నాడు మేనేజరు.

"పాస్‌పోర్టు ఎవలకు గావాలె? నా కొడుక్కు ఇంగ్లీషోని నోట్లెకెళ్లి రావాలె ఇంగ్లీషు."

మరుసటి వారం క్లాసు సారుకు వెళ్లింది. మేనేజరు సారు భుజం మీద చెయ్యి వేసి, "వీరు పక్కా ఇంగ్లీష్" అని సేటుకు పరిచయం చేశాడు. సారు దిద్దుతాడని చూశాను. గుండె మీద చెయ్యి పెట్టుకుంటాడని చూశాను. ఆయన ఆ చేతిని సేటుకు ఇచ్చాడు. బండిలో అడిగితే, పేరెంట్స్ దగ్గర అదంతా ఎందుకు అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఊరుకోలేక ఆ వారమే సేటును గేటు దగ్గర నిలబెట్టాను. "సారు ఇంగ్లీషోడు గాదు సేటూ, స్కాట్లండాయన. ఆయన మాట సగం మేనేజరుకే సమజ్ గాదు. ఇంగ్లండ్ల పుట్టింది ఆ పిల్ల. ఆమెను ఆ క్లాసు నుంచి మీరే ఎల్లగొట్టిండ్రు."

"ఇంగ్లండ్ల పుట్టినా మన పిల్లనే కదనే," అని నవ్వాడు. "నువ్వు వ్యాను మంచిగ నడుపు తాతా. లోకానికి పంతులువు గాకు."

మూడు నెలలు నిండాయి. టీచరమ్మ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఆమెను విమానాశ్రయానికి దింపింది నేనే. ఆ రోజు ముందు సీట్లో కూర్చుంది. దారంతా సేటును, మేనేజరును, సారును, నోటికొచ్చినట్టు తిట్టాను. సేటుతో పడిన గొడవ కూడా చెప్పాను. తను అన్నీ విన్నది. బండి ఆపాక అడిగింది.

"మొదటిసారి సేటు అడిగినప్పుడు నువ్వేం చెప్పినవ్ తాతా?"

"మన పిల్లనే అన్న."

"ఇంగ్లండామె అని ఎందుకు చెప్పలే? సారు గురించైతే అందరికి చెప్తవ్ కద."

"నువ్వు మన పిల్లవే కద బిడ్డా."

"ఔ తాతా. సేటు గూడ గదే అన్నడు," అని పెట్టె తనే దింపుకుంది.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీద అని అడిగితే మాత్రం, సేటు పేరు మునుపటంత గట్టిగా చెప్పలేకపోతున్నాను.