ఓడ ఎటువైపు ఉంది?

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చేస్తూ, ఇంగ్లిష్‌లో చెబుతారు కదా, తేలికని అమెరికా తొలినాళ్ల చరిత్ర ఒక సబ్జెక్టుగా తీసుకున్నాను. తీసుకున్నాక తెలిసింది. పాత ఉత్తరాలూ బొమ్మలూ ముందు పెట్టి, ‘ఇందులో మీకేం కనబడుతోంది?’ అంటారు. గైడ్లు బట్టీపట్టి అంతదాకా వచ్చినవాణ్ణి. ఏం కనబడాలో ఎవరైనా ముందే చెబితే తప్ప నాకేమీ కనబడదు. రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే యూనివర్సిటీలోంచి పేరు తీసేస్తారు. వీసా కూడా పోతుంది.

కరోనా రోజులు కాబట్టి పరీక్ష జూమ్‌లో. ఒక సీనియర్ వాట్సాప్‌లో నోట్సు పంపాడు. ‘గిదే బట్టీ కొట్టు తమ్మీ. మేడమ్ గీ బొమ్మలే అడుగుతది,’ అన్నాడు. స్నానం చేస్తూ కూడా అప్పజెప్పుకున్నాను.

నోట్సులోని బొమ్మే వచ్చింది. సంతోషం పట్టలేక మొదలుపెట్టాను. ‘ఎడమవైపు తెల్లవాళ్ల ఓడ. కుడివైపు కానుకలు పట్టుకున్న అక్కడి జనం...’

‘ఓడ ఎటువైపు?’ అన్నారు ప్రొఫెసర్.

చూశాను. ఓడ కుడివైపు ఉంది. జూమ్‌లో మన ముఖం మనకు తిరగబడి కనిపిస్తుంది కదా, బొమ్మనూ అలాగే తిప్పేసిందేమో అనుకున్నాను. సిగ్గు లేకుండా ఆ మాటే అన్నాను కూడా.

‘కింద అక్షరాలు సరిగానే ఉన్నాయే,’ అన్నారావిడ.

నిజమే. నోట్సు తప్పా, బొమ్మ తప్పా, నాకే మతి పోయిందా? బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. ఇక చేసేదేమీ లేక, మొదటిసారి ఆ బొమ్మను నిజంగా చూశాను.

కరీంనగర్‌లో మా నాయిన రబ్బరు స్టాంపులు చేస్తాడు. అక్షరాలు తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడతాయి.

‘ఇది, ఓడ ఎడమవైపున్న ఇంకో బొమ్మను చూసి చేసిందేమో,’ అన్నాను. ‘చెక్కేవాడు దాన్ని ఉన్నదున్నట్టు రాగిరేకు మీద చెక్కేశాడు, అచ్చులో తిరగబడింది. అక్షరాలు మాత్రం జాగ్రత్తగా తిరగేసి చెక్కాడు. ఇతను ఆ ఒడ్డు చూసి ఉండడు.’

‘మరి నిజంగా ఓడ ఎటువైపు ఆగింది?’

‘తెలియదు. మొదట గీసినవాడైనా చూశాడో లేదో.’

ఆవిడ ఏదో రాసుకున్నారు. పాసయ్యాను. ఎలా పాసయ్యానో ఎంతకీ అంతుపట్టలేదు. నాయినకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

‘గంతకూ ఓడ ఎటుదిక్కు ఉండెరా?’

‘తెల్వదు నాయినా.’

‘తెల్వదంటె పాస్ జేసిన్రా?’

‘ఆఁ.’



‘గట్లయితె మీ బడి సార్లు నిన్ను గన్నిసార్లు ఎందుకు కొట్టిన్రురా?’